ఇత్తడి కడ్డీ - ఇనుప దోనె

ఆంగీరస సంవత్సర వైశాఖ బహుళ షష్ఠి నాడు ప్రొద్దు బారెడెక్కిన వేళ మొగలిపాడు రాజుగారి మేడలో తూర్పుగది కిటికీ తెర జారి నేల బడెను. కంటికి శస్త్రచికిత్స చేయించుకొని యా గదిలో పండుకొనియున్న బంగారయ్యమ్మకు నర్సు కట్టు విప్పుచున్న క్షణమున నిది జరిగెను. గదిలో నప్పు డామె కోడండ్రిద్దరును దాసి పోలమ్మయు నుండిరి. తెర జారుటకు గల కారణము వారిలో నొకరికే తెలియును. ఆమె పెద్దకోడలు సూరాయమ్మ.

అది కాలువలు కట్టివేసిన కాలము. గోదావరినుండి నీరు విడువకపోవుటచే కాలువ యడుగు బీటలు వారియుండెను. పడవలు గట్టుప్రక్క నొరిగియుండెను. గాదెలనుండి తీసిన ధాన్యము వాకిట బండ్ల కెక్కుచుండెను. సూర్యు డుదయించినది మొదలు తూర్పుగోడను గాల్చి మధ్యాహ్నమునకు మేడ కప్పుపై కెక్కి యపరాహ్ణమున పడమటిగోడకు దిగి దీపములు వెలిగించు వేళదాక నచ్చటనే నిలిచి పోవుచుండెను. అట్టి దినములలో నా యింట నందఱును వెలుగును గూర్చియు నీడను గూర్చియు దప్ప వేఱు మాట లాడకుండిరి. ఇంటి యజమానురాలి కన్ను వానిపై నాధారపడియుండుటయే యందులకు గారణము.

బంగారయ్యమ్మకు రెండు కన్నులకును శుక్లములు పట్టి చాల సంవత్సరము లయ్యెను. వెలుగు చీకట్ల భేదము దప్ప నామెకు మఱేమియు గోచరింపకుండెను. పట్టణమునందలి కంటిడాక్టరు మొదట కుడికంటికి చికిత్స చేసెద నని యొప్పుకొని యొక నియమము పెట్టెను. చికిత్స యైన పిదప రోగిని మేడపై దుమ్మును పొగయు రాని గదిలో నుంచవలెను. ఆ గది కిటికీకి దళసరి తెర కట్టవలెను. కట్టు విప్పువఱకు వెలుగు చొరరాదు. విప్పిన పిదప తెరను దినదినమును కొంచెము కొంచెముగా దొలగించి కంటిని వెలుగునకు అలవాటు చేయవలెను. ఒక్కసారి యెండ కంట బడినచో చేసిన పని యంతయు వ్యర్థమగును.

మేడపై నట్టి గదులు రెండే కలవు. పడమటిది పెద్దకోడలిది, తూర్పుది చిన్నకోడలు రత్నాయమ్మది. పెద్దకొడుకు నరసింహరాజు డాక్టరు మాటలను తల్లికి చెప్పి యే గదిలో నుండెద రని యడిగినప్పు డామె నవ్వెను.

"ఎవరి గదిలో వెలుగు చెప్పినమాట వింటుందో ఆ గదిలో ఉంటానండి. నా కోడళ్ళిద్దరూ చెప్పినమాట వినేవాళ్ళే. ఇక వెలుగు సంగతే తేలాలి."

ఈ మాట సూరాయమ్మ తలుపు చాటుననుండి వినెను. వినినది మొదలు ఆమెకు నిద్ర లేదు.

సూరాయమ్మ యా యింట గాపురమునకు వచ్చినప్పుడు అత్తగారికి చూపుండెను. ఇంటి బాధ్యత లన్నియు నేర్చుకొన్నది సూరాయమ్మ. అత్తకు జ్వరము వచ్చిన వేళ కాచినది సూరాయమ్మ. చూపు పోయిన పిదప చేయిపట్టి నడిపించినదియు సూరాయమ్మయే. అట్లుండ నిన్న మొన్న వచ్చిన రత్నాయమ్మ మంచముపట్టెపై గూర్చుండి పురాణము చదువుచు నడుమనడుమ హాస్యము లాడుచు నత్తగారిని నవ్వించుచుండెను. భోజనానంతరమున బంగారయ్యమ్మ వేసికొనునది రత్నాయమ్మ చుట్టిన తాంబూలపు చిలకయే. సూరాయమ్మ చుట్టినది పళ్ళెములోనే వాడుచుండెను. పెద్దకోడలు దీనిని జూచుచు నోరు మెదపలేదు. ఆ యింట నెవరును గట్టిగా మాటాడరు. చిన్నవారినిగూడ "మీరు" అనియే పిలుతురు. లోపల నేమి కాగుచున్నను పైకి "అండి" యనుట మానరు.

ఆ దినములలో కాకినాడనుండి స్వదేశమునకు బోవుచున్న యొక దొర తన బంగళాలోని సామాను వేలము వేయగా నరసింహరాజు వెళ్ళి తెర సరంజాము రెండు విధములైనది కొని తెచ్చెను. ఒకటి గుండ్రని యిత్తడి కడ్డీ. దాని రెండు కొనలకును అనాసపండు వంటి బుడిపెలును తెర తగిలించుటకు వలయములును గలవు. రెండవది యినుప దోనె. అది గోడ నంటి యుండును. దాని లోపల చిన్న చక్రములు పరుగెత్తును. ఆ చక్రములకు తెర వ్రేలాడును. త్రాడు లాగినచో తెర జరుగును. చక్రములు కొననుండి జారిపోకుండ దోనె చివర నొక చీల దిగవేయబడియుండును.

రెండింటిని అత్తగారి మంచముముందు జాపపై బెట్టిరి.

"ముందు మీరే కోరుకోండి అక్కయ్య గారూ. పెద్దవారు," అని రత్నాయమ్మ యనెను.

"నాకేమిటండి, ఏదైనా ఒకటే," అనుచునే సూరాయమ్మ కడ్డీపై జేయి వేసెను.

"అయితే ఈ దోనె నాదన్నమాట. అత్తయ్య గారూ, కిటికీకి నప్పకపోతే చూరుకింద పెట్టిద్దామండి. వానాకాలంలో నాలుగు బిందెలైనా నిండుతాయి."

బంగారయ్యమ్మ పొట్ట పట్టుకొని నవ్వెను. సూరాయమ్మ కడ్డీని దన వైపునకు లాగికొనెను. కోరిన వస్తువు చేతికి వచ్చెను. అత్తగారి నవ్వు మాత్రము చిన్నకోడలి పాలయ్యెను.

ఆ యింటి స్త్రీలకు ఘోషా కలదు. పనివాడు లోపలికి వచ్చి నిలిచి కొలతలు తీసికొనుట ఆ యింట వాడుక లేదు. దాసి దారముతో కొలిచి కొలత ముగిసిన చోట ముడి వేసి క్రిందికి దెచ్చును. మేస్త్రీ యా ముడిని జూచి కొయ్యనైనను కడ్డీనైనను కోసికొనును. బిగించుటకు వచ్చినప్పుడు స్త్రీలు వేఱొక గదిలోనికి బోవుదురు. పోలమ్మ రెండు కిటికీలకును దారములు పట్టి ముడులు వేసి మెట్లు దిగబోవుచుండగా సూరాయమ్మ పిలిచెను.

"తూర్పుగది దారం చూపించు."

"ఇదేనండి. రెండూ ఒకటేనండి. కిటికీలు కవలపిల్లలండి."

"నా దారానికి ఇంకో జానెడు వదిలి ముడెయ్యి."

"ముడి ఉందిగా అండి."

"ఉంటే ఉంటుంది. రెండోది వెయ్యి. కడ్డీ ఆ రెండో ముడి దగ్గర కొయ్యాలని చెప్పు."

పోలమ్మ రెండవ ముడి వేసెను. చిన్నకోడలి దోనెకంటె దన కడ్డీ జానెడు పొడవుగా నుండవలె నన్నదే సూరాయమ్మ కోరిక. అది తప్ప వేఱు ప్రయోజన మామె యూహింపలేదు.

మేస్త్రీ సూరన్న కడ్డీతో పడమటిగదికి వచ్చి చూచి తల గోకికొనెను. ఆ కిటికీ ప్రక్కను గోడబీరువా యొకటి మూరెడు ముందునకు బొడుచుకొని యుండెను. మొదటి ముడి కొలత ప్రకారమైనచో కడ్డీ బీరువాకు దగులక గోడ నంటియుండును. జానెడు పెరిగినచో దగులును. అతడు తలుపు వెలుపలనుండి యడిగెను.

"అమ్మగారండి, బీరువా అడ్డమొస్తోందండి. జానెడు కోసేమంటారా? లేకపోతే కొక్కేలు మూరెడు పొడుగెట్టి కడ్డీని బీరువా ముందునుంచి పోనివ్వాలండి."

ప్రక్కగదినుండి ప్రత్యుత్తరము పోలమ్మ నోట వచ్చెను. "కొయ్యొద్దన్నారు."

"ఆయ్. అయితే ముందుకే పెడతానండి. అదీ బానే ఉంటదండి. దర్బారులాగ."

అట్లు కడ్డీ గోడకు మూరెడు దూరమున నిలిచెను. తెర కట్టిన పిదప పడమటిగది చూచుటకు దర్బారువలెనే యుండెను. ఇత్తడి బుడిపెలు తళతళలాడెను. సూరాయమ్మ వానిని తన చీరకొంగుతోనే తుడిచెను. తూర్పుగదిలో దోనెను కిటికీపై గోడ కంటించి యిరువైపుల మూరెడు మూరెడు దాటించి పైన నొక పలక గొట్టిరి. చూచుట కందులో నేమియు లేదు. తెర తప్ప మఱేమియు గనబడదు.

మఱునాటి యపరాహ్ణమున బంగారయ్యమ్మను పడమటిగదికి దెచ్చి మంచముపై గూర్చుండబెట్టిరి. తెర మూసిరి. ఆమె కన్నులు మూసికొని కొంతసేపు కదలక కూర్చుండెను. పిదప నరచేతిని ముఖమునకు అడ్డము పెట్టికొని, తీసి, మరల పెట్టికొనెను.

"పైనుంచి ఒకటి వస్తోందండి. పక్కనుంచి ఒకటి. తెర మూశారా?"

"మూశామండి," అని సూరాయమ్మ చెప్పెను.

తెరకును గోడకును నడుమనున్న మూరెడు సందున నెండ తూమునుండి నీరు వచ్చినట్లు కప్పునకు దగిలి మంచముపై బడుచుండెను. అది సూరాయమ్మ కన్నులకును గనబడెను. తరువాతి యుదయమున తూర్పుగదిలో పరీక్ష జరిగెను. తెర మూయగానే బంగారయ్యమ్మ చేతులు జాచి తడవికొనుచు "అమావాస్యనాడు పుట్టినట్టుంది" అని నవ్వెను. నిర్ణయము జరిగిపోయెను. ఆమె గదినుండి వెలువడుచు పెద్దకోడలి చేయి పట్టుకొనెను.

"మీ గది బావుందండి సూరాయమ్మ గారూ. పెళ్ళివారిని దింపడానికి అంత గది ఊళ్ళో లేదు. నా కంటికే పనికిరాదు."

ఓదార్పుగా జెప్పిన యా మాట సూరాయమ్మకు ముల్లువలె గ్రుచ్చుకొనెను. ఆమె యా సాయంకాలము పడమటి కిటికీ పైసందున పాత చీరలు కుక్కించెను. ప్రక్కసందులకు చాపలు కట్టించెను. ఎండ వాని నడుమనుండియు వచ్చెను. రాత్రి నరసింహరాజు గదిలోనికి వచ్చి కప్పువైపు చూచి "గాదె కట్టిస్తున్నారేమిటండి? వడ్లెప్పుడు పోయిస్తారు?" అనెను. ఆమె యా రాత్రి చీరలన్నియు పీకి మూలను బడవేసెను. జానెడు కోయు మని మేస్త్రీకి కబురు పంపిన చాలును. ఆ కబురు చేరినచో కడ్డీ యెందుకు పొడవయ్యెనో యింట నందఱు నడుగుదురు. ఆమె పంపలేదు.

చికిత్స పట్టణమున జరిగెను. కొన్నిదినముల పిదప బంగారయ్యమ్మను సవారీబండిలో దెచ్చి తూర్పుగదిలో బండబెట్టిరి. వెంట నొక నర్సు వచ్చెను. కంటిపై కట్టుండెను. కదలరాదు, తల త్రిప్పరాదు, గట్టిగా నవ్వరాదు. నవ్వరా దన్న మాట విని రత్నాయమ్మ "అయితే నన్ను గదిలోంచి పంపించెయ్యండి" అని నర్సుతో ననగా రోగి పెదవులు బిగబట్టుకొనవలసి వచ్చెను. తెర మూసినది మూసినట్లే యుండెను. నర్సు చెప్పవలసిన దంతయు చిన్నకోడలికే చెప్పుచుండెను. సూరాయమ్మ తన గదిలో గూర్చుండి నడవ కవతలి గుసగుసలను వినుచుండెను. మాటలు వినబడవు. అవి తనను గూర్చినవే యని యామె నమ్మెను.

పంచమినాటి మధ్యాహ్నమున నర్సు నిద్రించుచుండెను. రత్నాయమ్మ స్నానమునకు బోవుచు నక్కగారిని మంచమువద్ద గూర్చుండు మని వేడెను. సూరాయమ్మ చీకటిలో విసనకఱ్ఱతో విసరుచు గూర్చుండెను. కొంతసేపటికి బంగారయ్యమ్మ పెదవులు కదిలెను.

"రత్నాయమ్మ గారూ, చిలక."

సూరాయమ్మ పళ్ళెము దగ్గఱకు దీసికొని యాకు తుడిచి సున్నము వ్రాసి వక్క వేసి చుట్టి యత్తగారి నోటి కందిచ్చెను. ముసలామె రెండు మాఱులు నమిలి యాగెను.

"సున్నం మండిందండి. మీరా, సూరాయమ్మ గారూ?"

"నేనేనండి."

"రత్నాయమ్మ గారేరీ?"

"స్నానానికి వెళ్ళారండి. వస్తారు."

బంగారయ్యమ్మ చిలకను ప్రక్కనున్న గిన్నెలో నుమిసి నిద్రపోయెను. సూరాయమ్మ యా గిన్నెవైపు చూచుచు గూర్చుండెను. పిదప లేచెను. కిటికీ ప్రక్కను భోషాణ మొకటి యుండెను. ఆమె దానిపై కెక్కెను. దోనె చివర చేతి కందెను. చీలను వ్రేళ్ళతో నటునిటు కదలించి యూడదీసి కొంగున ముడివేసికొని దిగెను.

ఆమె తలంచిన దిది. రేపో మాపో చిన్నకోడలు తెర ముట్టినప్పుడు తెర యూడి పడును. కంటికి కట్టున్నది గనుక నత్తగారికి హాని లేదు. ఆ దోనె నమ్మదగినది కాదని నర్సు చెప్పును. అత్తగారు పడమటిగదికి వచ్చును. కడ్డీ జానెడు కోయించుటకు నప్పుడు సాకు దొరకును. కట్టు విప్పు దినము వఱకు తెర నెవరును ముట్ట రన్న సంగతి యామెకు దట్టలేదు. ఆ దినము మఱునాడే యని యామె యెఱుగదు. నర్సు చెప్పినప్పు డామె యా గదిలో లేదు.

మఱునాటి యుదయమున రత్నాయమ్మ పడమటిగది గుమ్మములో నిలిచి నవ్వుచు బిలిచెను.

"అక్కయ్య గారూ, తొందరగా రండి. కట్టు విప్పుతున్నారు. అత్తయ్య గారు మొదట మిమ్మల్నే చూస్తారట. రాత్రినుంచీ అదే పాట. నాకైతే కుళ్ళుగా ఉందండి బాబూ."

"కట్టా? ఇవాళా?"

"ఇవాళే. రండి, నర్సమ్మ గారు చేతులు కడుక్కుంటున్నారు."

సూరాయమ్మ వెళ్ళెను. బంగారయ్యమ్మ తలగడల కానుకొని కూర్చుండియుండెను. కోడలి గాజుల చప్పుడు వినగానే చేయి జాచెను.

"ఇలా ఎదురుగా నించోండి సూరాయమ్మ గారూ. మీ నాన్నగారింట్లో మిమ్మల్ని చూసి ఎంచింది నేనే. నా రెండు కళ్ళతో చూసి తెచ్చుకున్నాను. రత్నాయమ్మ గారొచ్చేసరికి నాకు చూపు లేదు. ఆవిణ్ణి గొంతుతోనే ఎరుగుదును. అందుకే ఆవిడ మాట వినబడకపోతే మనిషి లేనట్టే ఉంటుంది నాకు. మీరు మాట్లాడకపోయినా ఉంటారు. ఈమధ్య మీ మొహం గుర్తు తెచ్చుకుంటుంటే ముక్కు ఒకటే వస్తోందండి. మిగతాది మర్చిపోయానేమోనని బెంగగా ఉంది."

నర్సు కట్టు చివరి చుట్టును విప్పెను. "కన్ను మెల్లగా తెరవండమ్మా. తెర నాలుగు వేళ్ళు జరపండి," అనెను. రత్నాయమ్మ త్రాడు పట్టుకొనెను. సూరాయమ్మ చేయి కొంగుముడిపై బడెను.

"ఆగండి!" అని యామె యఱచెను.

అప్పటికే త్రాడు లాగబడెను. మొదటి చక్రము దోనె కొననుండి జారెను. దానివెనుక రెండవది జారెను. తెర బరువునకు దక్కినవన్నియు నొకదాని వెంట నొకటి గలగల పరుగెత్తి గోడప్రక్కను బడెను. తెర భోషాణముపై గూలెను. తూర్పు సూర్యుడు నిలువెత్తు కిటికీనిండ గదిలోనికి వచ్చెను.

సూరాయమ్మ కిటికీ గట్టుపై కెక్కి రెండు చేతులును జాచి పమిటచెఱగును తలపైనుండి తీసి రెండువైపుల బట్టి నిలిచెను. ఆమె ముఖము వాకిటివైపునకు దిరిగియుండెను. గదిలో మంచముపై నీడ పడెను.

వాకిట ధాన్యపుబండ్లవద్ద పాలేరులును బండివారును కరణమును నుండిరి. పెండ్లియై వచ్చినది మొదలు ఆ యింటి పెద్దకోడలి ముఖమును వారిలో నెవరును జూచియుండలేదు. ఒకడు బస్తా నెత్తిన బెట్టికొని పైకి జూచి యట్లే నిలిచిపోయెను. కరణము "తలలు దించండ్రా" అనెను. అందఱును గోడవైపునకు దిరిగి నిలిచిరి. ఎద్దులు మాత్రము మేడవైపు చూచుచు నెమరు వేయుచుండెను. సూరాయమ్మ చేతులు దింపలేదు.

"కళ్ళు మూసుకోండి, మూసుకోండి," అని నర్సు మరల కట్టు చుట్టెను. పోలమ్మ కంబళి దెచ్చుటకు బరుగెత్తెను.

"ఏం పడిందండి?" అని బంగారయ్యమ్మ యడిగెను.

"తెరండి," అని రత్నాయమ్మ చెప్పెను. "నేను లాగితే ఊడిపోయిందండి."

"తెర పడితే ఎడమకంటికి కూడా చీకటిగా ఉందేమండి?"

"అక్కయ్య గారు అడ్డం నించున్నారండి. కిటికీలో."

"కిటికీలోనా?"

వాకిట ధాన్యము తూచువారి లెక్క యాగియుండెను. బంగారయ్యమ్మ యా నిశ్శబ్దమును వినెను. పోలమ్మ కంబళి దెచ్చి కిటికీకి గట్టిన పిదపనే సూరాయమ్మ దిగెను. దిగి చెఱగు తలపై వేసికొని గదినుండి పోయెను.

మేస్త్రీ సూరన్న వచ్చి దోనెను జూచి నేలంతయు వెదకి చీల కనబడలే దని చెప్పెను. రత్నాయమ్మ నడవలో నిలిచి యేడ్చుచుండెను. "నాలుగు వేళ్ళని చెబితే నేను మోట లాగినట్టు లాగేశాను. అత్తయ్య గారి కన్ను పోతే నా మొహం ఎవరికి చూపించను?" అని పోలమ్మతో ననుచుండెను. "ఊరుకోండమ్మా, మీరు లాగింది జానెడు కూడా లేదండి," అని పోలమ్మ కన్నులు తుడిచెను. సూరాయమ్మ తన గదిలో మంచముపై గూర్చుండి యన్నియు వినెను. పడమటి కిటికీనుండి యెండ యింకను రాలేదు. బుడిపెలు మెఱయుటలేదు.

మధ్యాహ్న భోజనానంతర మామె తాంబూలపు పళ్ళెము తానే పట్టుకొని తూర్పుగదికి వెళ్ళెను. నర్సు వెలుపల నుండెను. రత్నాయమ్మ యింకను భోజనమునకు గూర్చుండలేదు. కంబళి చాటున గది చీకటిగా నుండెను. ఆమె మంచముప్రక్క నిలిచి పళ్ళెమును అత్తగారి చేతి కందిచ్చెను. బంగారయ్యమ్మ వ్రేళ్ళతో తడవెను. చిలక తగిలెను. దానిప్రక్కను మఱియొకటి తగిలెను. ఆమె దానిని బొటనవ్రేలితో మొదటినుండి చివరవఱకు రాచి చూచెను. ఇన్నియేండ్లు వ్రేళ్ళతోనే చూచినది గనుక నది యేమో తెలిసికొనుట కాలస్యము కాలేదు.

"తాంబూలంలో ఇనుము కూడా వేస్తున్నారాండి ఈమధ్య?"

సూరాయమ్మ మంచముపట్టె పట్టుకొని నిలిచెను.

"పళ్ళు గట్టిగా ఉన్న రోజుల్లో అయితే నమిలి చూసేదాన్ని," అని బంగారయ్యమ్మ చీలను పిడికిట బట్టుకొనెను. "దీన్ని రత్నాయమ్మ గారికివ్వనా, మేస్త్రీకివ్వనా?"

"మీ ఇష్టమండి."

"మేస్త్రీకే ఇద్దాం. పాపం, వెతుక్కుంటున్నాడుట." ఆమె చిలకను చేతిలోనికి దీసికొనెను. "చేతులు నొప్పిగా ఉన్నాయా?"

"లేదండి."

"చాలాసేపు నించున్నారటగా."

ఆమె చిలకను నోట బెట్టుకొనెను. సున్నము మండెనో లేదో చెప్పలేదు. పూర్తిగా నమిలెను.

ఆ సాయంకాలము చీల మేస్త్రీ చేతికి వచ్చెను. మంచము క్రింద దొరకిన దని పోలమ్మ చెప్పెను. దోనె చివర దానిని దిగవేసి తెర కట్టిరి. డాక్టరు వచ్చి చూచి కన్ను చెడలే దనెను. నవమినాడు మరల కట్టు విప్పిరి. త్రాడు రత్నాయమ్మయే లాగెను. తెర నాలుగు వ్రేళ్ళు జరిగి నిలిచెను. బంగారయ్యమ్మ మంచమున కెదురుగా నిలిచిన సూరాయమ్మను జూచి "చిక్కారండి" అనెను. పిదప ప్రక్కకు జూచి "ఈవిడేనా రత్నాయమ్మ గారు? గొంతు చూసి ఇంకా పొడుగుంటారనుకున్నాను" అనెను. రత్నాయమ్మ నవ్వెను. సూరాయమ్మ నవ్వలేదు. బంగారయ్యమ్మ తూర్పుగదిలోనే యుండెను.

దశమినాడు కడ్డీ దింపి కోయవలసిన దని పడమటిగదినుండి మేస్త్రీకి కబురు వచ్చెను. ఎంత కోయవలె నని యతడు మెట్లక్రిందనుండి యడిగెను. పోలమ్మ దారము దెచ్చి యిచ్చెను. దానికి ముడి యొక్కటే యుండెను.